లేనిదానికి కూడా పైసలేనా?

మా వంటింటి అరలో ప్రస్తుతం రెండు ప్యాకెట్లున్నాయి. రెండూ కుక్కవే. రెండూ నేనే కొన్నాను, అదీ ఒకే షాపులో, ఒకే రోజు.

మొదటిదాని మీద పెద్ద అక్షరాలతో "నేచురల్, గ్రెయిన్ ఫ్రీ" అని రాసుంది. అంటే ధాన్యం లేదని గొప్ప. కిలో 900 రూపాయలు. రెండోదాని మీద కూడా "నేచురల్" అనే ఉంది. కానీ దాని గొప్ప వేరు: "ప్రాచీన ధాన్యం జొన్నతో చేసిన బిస్కెట్లు". 200 గ్రాములు 250 రూపాయలు. అంటే కిలో 1250.

ఒకడేమో ధాన్యం లేదు కాబట్టి డబ్బులివ్వు అంటాడు. ఇంకొకడేమో ధాన్యం ఉంది కాబట్టి డబ్బులివ్వు అంటాడు. నేను ఇద్దరికీ ఇచ్చాను. ఇంజనీరింగ్ చదివి, రోజుకి పది గంటలు "ఈ కండిషన్ ట్రూ అయితే ఆ కండిషన్ ట్రూ ఎలా అవుతుంది" అని జనాల కోడ్‌లో తప్పులు వెతికే నేను, బిల్లింగ్ కౌంటర్ దగ్గర మాత్రం కిక్కురుమనకుండా కార్డు గీకాను.

ఈ బగ్ పట్టుకుంది నేను కాదు, మా బాపమ్మ.

మాది ఆసిఫాబాద్. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఓ మూలన ఉండేది. ఇప్పుడు కుమురం భీం పేరుతో మాదే ఒక జిల్లా. దసరాకి మంచిర్యాల మీదుగా కారులో పోతూ బంటిని కూడా తీసుకెళ్లాను. బంటి అంటే మా కుక్క. జాతి గీతి ఏం లేదు, మాదాపూర్‌లో ఆఫీసు వెనక పునాది గుంతలో దొరికిన వీధి కుక్కపిల్ల. ఇంటికెళ్లి సంచీ విప్పేసరికి బాపమ్మ ప్యాకెట్లు చూసింది.

"గిదేంది బిడ్డా?"

"కుక్క బిస్కెట్లు బాపమ్మా."

"ఏంటితోని చేసిండ్రు?"

"జొన్నలతోని."

"ఎంత?"

చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి జొన్నలు పండిచ్చెటోనికి గంత ఇయ్యరేందిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. 2025-26కి కేంద్రం ప్రకటించిన జొన్న మద్దతు ధర క్వింటాలుకి 3699 రూపాయలు, అంటే కిలో 37. అది కూడా అమ్ముకోగలిగితే. మా చుట్టుపక్కల కెరమెరి, తిర్యాణి, వాంకిడి వైపు గోండులూ కోలాములూ తరతరాలుగా తింటున్న గింజ అది. ఊళ్లో తింటే పేదోడి తిండి, ప్యాకెట్లోకి వెళ్తే ప్రాచీన ధాన్యం. మధ్యలో 33 రెట్లు తేడా.

మాట మారుద్దామని రెండో ప్యాకెట్ చూపించాను. "ఇందులో జొన్నలు లేవు బాపమ్మా. వడ్లు లేవు, మక్కలు లేవు, గోధుమలు లేవు. అందుకే రేటెక్కువ."

"లేనిదానికి గూడ పైసలేనా?"

మా బాపమ్మ బడికి పోలేదు. కోడ్ రివ్యూలో ఇంత చిన్న కామెంటుతో ఇంత పెద్ద డిజైన్‌ని పడగొట్టిన సీనియర్‌ని నేను ఇంతవరకూ చూడలేదు.

సరే, ఇక అసలు విషయానికొస్తాను. "నేచురల్" అనే మాటకి అర్థమేంటి? మనం తినే తిండికైతే కనీసం ఒక చట్టముంది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం. అందులో "ఆహారం" నిర్వచనం చదవండి: మనుషులు తినడానికి ఉద్దేశించినది. పశువుల దాణాని అందులోంచి బయటే ఉంచారు. కాబట్టి మీ ఇంట్లో చిప్స్ ప్యాకెట్ మీద వెతికే నంబరు, ముద్ర కుక్క తిండికి అదే లెక్కన వర్తించవు. కుక్కల, పిల్లుల తిండికి బి.ఐ.ఎస్. వాళ్ల ప్రమాణం ఒకటుంది, ఐ.ఎస్. 11968 అని. నా స్నేహితుల్లో కుక్కలున్నవాళ్లు పది మందిని అడిగాను. ఒక్కరికీ తెలీదు. నాకూ ఈ గొడవ మొదలయ్యేదాకా తెలీదు.

అమెరికాలో లేబుళ్ల మీద మాటలకి కొన్ని నియమాలున్నాయి. అవి చూస్తే ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. అక్కడ "చికెన్ డిన్నర్" అని పేరు పెట్టాలంటే కనీసం నాలుగో వంతు చికెన్ ఉండాలి. "విత్ చికెన్" అంటే 3 శాతం చాలు. "చికెన్ ఫ్లేవర్" అంటే శాతంతో పనే లేదు, రుచి గుర్తుపట్టేలా ఉంటే సరి. బొమ్మ మాత్రం మూడింటి మీదా ఒకటే, నిగనిగలాడే కోడి. పేరులో ఒక్క పదం మారితే లోపల సరుకు 25 నుంచి 3కి పడిపోతుంది. ప్రీమియం, హోలిస్టిక్ లాంటి మాటలకైతే ఆ మాత్రం నియమం కూడా లేదు.

అసలు ఈ పరిశ్రమ పుట్టిందే ప్రచారంలో. 1860ల ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆయనేం పశువైద్యుడు కాదు, ఎలక్ట్రీషియన్. ఆయన కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే ఆయనే 1891లో తన పేరు మీద కుక్కల ప్రదర్శన పెట్టాడు. నేటికీ ప్రపంచంలో పేరున్న ప్రదర్శన అదే. తిండి అమ్మేవాడే, ఏ కుక్క గొప్పదో చెప్పే వేదిక కూడా కట్టాడన్నమాట.

ఇక సాఫ్ట్‌వేర్ వాళ్లకి కచ్చితంగా నచ్చే కథ ఒకటి చెప్తాను. 2007 మార్చిలో మెనూ ఫుడ్స్ అనే కంపెనీ ఉత్తర అమెరికాలో 6 కోట్లకు పైగా డబ్బాలు, ప్యాకెట్లు వెనక్కి పిలిచింది. కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయి. తీరా చూస్తే చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారు. మెలమైన్ అంటే ప్లాస్టిక్ ప్లేట్లకి వాడే రసాయనం. అదెందుకు కలుపుతారు? ప్రోటీన్ పరీక్ష ప్రోటీన్‌ని నేరుగా కొలవదు. నత్రజని కొలిచి 6.25తో హెచ్చిస్తుంది. మెలమైన్ బరువులో దాదాపు 66 శాతం నత్రజనే. ఆ లెక్కన వంద గ్రాముల మెలమైన్‌లో 400 గ్రాముల పైచిలుకు "ప్రోటీన్" ఉన్నట్టు! టెస్ట్ కేస్ పాసయ్యేలా కోడ్ రాయడం అంటే ఇదే. టెస్టు పచ్చగా వెలిగింది, ప్రొడక్షన్‌లో ప్రాణాలు పోయాయి. కుక్కలతో ఆగిందా? 2008లో అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. కుక్కల తిండి సంగతి కుక్కలు చూసుకుంటాయిలే అనుకునేవాళ్లకోసం ఈ ముక్క చెప్తున్నాను.

ఆ తర్వాత వచ్చింది తోడేలు కథ. ప్యాకెట్ మీద మంచుకొండ, కొండ మీద తోడేలు, "మీ కుక్కలోని తోడేలుకి తిండి పెట్టండి" అని పిలుపు. అందుకే ధాన్యం లేదట, తోడేలు అన్నం తినదు కదా! అయ్యా, బంటి తోడేలు కాదు. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం "నేచర్" పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కి సంబంధించిన ఏ.ఎం.వై.2బి అనే జన్యువు తోడేళ్లలో రెండు కాపీలే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయట. మనిషి వెంట తిరిగి, మనిషి పారేసింది తిని, వేల ఏళ్లలో కుక్క తన కోడ్‌ని తానే మార్చుకుంది. ఉడికించిన అన్నం, జొన్న, మక్క అరిగించుకోగలగడం దానికి ఎవరో చేసిన అన్యాయం కాదు, అది కుక్క కావడంలో భాగం.

అసలు తమాషా ఏంటంటే, ధాన్యం తీసేసిన చోట ఖాళీ ఉండదు. నా 900 రూపాయల ప్యాకెట్ వెనక చదివితే బఠాణీలు, శనగలు, ఆలుగడ్డ. 2018 జూలైలో అమెరికా ఎఫ్.డి.ఏ. సరిగ్గా ఇలాంటి తిండి మీదే విచారణ మొదలుపెట్టింది. బఠాణీలు, పప్పులు, ఆలుగడ్డలు ముఖ్యంగా ఉన్న తిండి తింటున్న కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు కనిపిస్తోందని. 2022 డిసెంబరులో, కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇక ప్రకటనలు చేయమంది. నేరం రుజువు కాలేదు, అలాగని క్లీన్ చిట్టూ రాలేదు. కానీ ఒక్కటి అడుగుతాను. ఏ సమస్య తీర్చడానికి ధాన్యం తీసేశారు? ఎలర్జీ అంటారా? కుక్కల్లో తిండి ఎలర్జీలకి ఎక్కువగా దొరికే కారణాలు బీఫ్, పాలు, చికెన్. గోధుమ వాటి తర్వాతే. లేని బగ్‌కి ఫిక్స్ పెట్టి కొత్త బగ్ తెచ్చుకోవడం మన వాళ్లకి కొత్తేం కాదు గానీ, దానికి కిలో 900 ఎవరూ ఇవ్వరు.

ఇక్కడిదాకా చదివి "చూశారా, నేను ముందే చెప్పాను, ఇంటి తిండిని మించింది లేదు" అని చంకలు గుద్దుకుంటున్నవాళ్లు కాస్త ఆగండి. ఇప్పుడు మీ వంతు. ఈ భాగంలో దోషి నేనే.

బంటి దొరికినప్పుడు మూడు నెలల పిల్ల. మొదట్లో మామూలు ప్యాకెట్ తిండే పెట్టాను. ఆ తర్వాత రాత్రిళ్లు కూర్చుని ప్యాకెట్ తిండి విషం అని వీడియోలు చూసి, ఆవేశపడి, అదంతా చెత్తబుట్టలో పారేశాను. నా పిల్లకి స్వచ్ఛమైన తిండి పెడతానని ప్రతిజ్ఞ. రోజూ పొద్దున్నే లేచి బోన్‌లెస్ చికెన్ ఉడికించి, అన్నం, క్యారెట్ కలిపి పెట్టేవాణ్ని. ఉప్పు లేదు, కారం లేదు, రంగు లేదు, కల్తీ లేదు. ఎంత నేచురలో! ఆఫీసులో అందరికీ ఫోటోలు కూడా చూపించాను.

రెండు నెలలు తిరక్కుండా బంటి కుంటడం మొదలుపెట్టింది. ముందు కాళ్లు వంకర పోయినట్టు అనిపించాయి. సోఫా మీంచి దూకి, అరిచి, ఇక లేవలేదు. ఎక్స్‌రేలో దాని ఎముకలు ట్రేసింగ్ పేపర్లా ఉన్నాయి. పశువుల డాక్టరు గారు ఏం పెడుతున్నారని అడిగితే ఎంతో గర్వంగా చెప్పాను. ఆయన నా మొహం చూసి, "కాల్షియం ఎక్కడుందండీ ఇందులో?" అన్నారు.

లేదు. బోన్‌లెస్ చికెన్‌లో భాస్వరం బోలెడు, కాల్షియం దాదాపు సున్నా. అన్నం కూడా అంతే. ఎదిగే కుక్కపిల్లకి భాస్వరం ఎంతుందో కాల్షియం కనీసం అంతైనా ఉండాలి. లేకపోతే రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి ఒంట్లోని గ్రంథులు ఎముకల్లోంచి అప్పు తెస్తాయి. బంటి రెండు నెలలుగా తన ఎముకల్నే తిని బతికింది. వండిపెట్టింది నేను.

"మీకు ప్యాకెట్ మీదున్న కోపం కుక్క మీద చూపించకండి" అన్నారాయన. ఆరు వారాలు దూకకుండా, పరిగెత్తకుండా ఉంచి, పిల్లలకోసం చేసిన సమతుల్య తిండి పెడితే నడిచింది. ముందు ఎడమ కాలు మాత్రం ఇప్పటికీ కాస్త వంకరే. అది నా వీడియోల చదువుకి సర్టిఫికేటు.

అయితే మా ఊళ్లో కుక్కలు గట్క, గంజి తిని బాగానే ఉంటాయి కదా అని నేనూ వాదించాను. ఉంటాయి. ఎందుకంటే అవి గట్కతో ఆగవు. ఆదివారం మటన్ కొట్టు దగ్గర పచ్చి బొక్కలు కొరుకుతాయి. ఎలుకని పడతాయి, చేపతలలు లాక్కెళ్తాయి. బాపమ్మ వేసింది కనిపించే సగం. కనిపించని సగం అవి ఊరు తిరిగి తెచ్చుకుంటాయి. ఆ రెండో డిపెండెన్సీ ఇన్‌స్టాల్ చేయకుండా మొదటిదాన్ని మాత్రం కాపీ చేసుకుని నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో రన్ చేశాను. క్రాష్ కాక ఏమవుతుంది?

పైగా మన జ్ఞాపకం కూడా మనల్ని మోసం చేస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో రాజుగాడని కుక్క ఉండేది. గట్క తిని పద్నాలుగేళ్లు బతికింది. ఈ కథ నేను యాభై మందికి చెప్పుంటాను. మొన్న బాపమ్మ గుర్తు చేసింది. రాజుగాడితో పాటు పుట్టినవి ఇంకా ఐదున్నాయట. ఒక్కటీ ఏడాది దాటలేదు. వాటి గురించి నేనెవరికీ చెప్పలేదు, ఎందుకంటే నాకవి గుర్తే లేవు. బతికిన కుక్కని చూసి తిండి గొప్పదనుకోవడం, నడుస్తున్న సర్వర్‌ని చూసి కోడ్ గొప్పదనుకోవడం లాంటిదే.

నా ఒక్కడి అనుభవమే అనుకుంటారేమో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ వాళ్లు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పుస్తకాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి ఇంట్లో వండే కుక్క తిండి వంటకాలు 200 తీసుకుని లెక్కగట్టారు. అవసరమైన పోషకాలన్నీ ఉన్నవి తొమ్మిదంటే తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఎనిమిది పశువైద్యులు రాసినవే. మిగతా 191 రాసినవాళ్లందరూ నాలాగే కుక్కని ప్రేమించినవాళ్లే అయుంటారు.

కాబట్టి నా వాదన ప్యాకెట్‌కి వ్యతిరేకం కాదు, వంటింటికి వ్యతిరేకమూ కాదు. "నేచురల్" అనే మాట విని మెదడు స్విచ్ ఆపేయడానికి వ్యతిరేకం. ప్యాకెట్ వాడు ఆ మాటతో మన జేబు కొడుతున్నాడు. ఇంటి తిండి భక్తులు అదే మాటతో కుక్క ఎముకలు విరుస్తున్నారు. పాము విషమూ నేచురలే.

మరేం చేయాలి అంటారా? నేను చేస్తున్నవి చెప్తాను. మీ కుక్క సంగతి మీ డాక్టరునే అడగండి.

1. ముందు ప్యాకెట్ తిప్పి వెనక చదవడం. అది పూర్తి సమతుల్య ఆహారమా, లేక పక్కన పెట్టే చిరుతిండా? ఏ వయసు కుక్కకి? కాల్షియం, భాస్వరం, క్యాలరీలు ఇచ్చారా? ముందువైపు ఉండేది కవిత్వం, వెనకవైపు ఉండేది డాక్యుమెంటేషన్.

2. ప్రోటీన్ శాతాలు పోల్చేముందు నీళ్లు తీసేయడం. డబ్బా తిండిలో 8 శాతం, పొడి తిండిలో 22 శాతం అని ఉంటే పొడిదే గొప్పనుకోకండి. డబ్బాలో 80 శాతం నీళ్లుంటే మిగిలిన 20లో 8, అంటే 40 శాతం. పొడిదాంట్లో 10 శాతం నీళ్లు తీస్తే 24 చిల్లర. ఐదో తరగతి లెక్క.

3. చిరుతిళ్లు రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకుండా చూడటం. దీనికి 1250 రూపాయల బిస్కెట్ అక్కర్లేదు. క్యారెట్ ముక్క, దోసకాయ ముక్క, ఉడికించిన కందగడ్డ (ఆంధ్రా మిత్రులు చిలగడదుంప అని చదువుకోగలరు), ఉడికించిన గుడ్డు. జొన్న రొట్టె చివర ముక్క మా బంటికి ప్రాణం. గ్లూకోజ్ బిస్కెట్ మాత్రం చక్కెర, మైదా. వీధి కుక్కలకి అవి వేసి పుణ్యం వచ్చిందనుకునే మిత్రులు అదే పది రూపాయలకి ఒక కోడిగుడ్డు ఇస్తే మేలు.

4. ఇంట్లోనే వండాలనుకుంటే పశువైద్యుడి దగ్గర కొలతలతో రాయించుకోవడం. కాల్షియం సహా. ఉజ్జాయింపు వద్దు. పెరుగన్నం పెట్టి మా కుక్క శాకాహారి అని మురిసిపోయేవాళ్లకి మరీ చెప్తున్నాను. శాకాహారంతో కుక్కని పెంచాలంటే ఇంకా ఎక్కువ లెక్క కావాలి, తక్కువ కాదు.

5. కొన్ని ఎంత నేచురల్ అయినా పెట్టకపోవడం. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి, వండినా సరే. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని. చాక్లెట్, జైలిటాల్ ఉన్న షుగర్ ఫ్రీ సరుకులు ఇంకా ప్రమాదం. ఉడికిన బొక్కలు ముక్కలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇప్పుడు శుక్రవారం టీం పార్టీలో మిగిలిన బిర్యానీ గురించి ఆలోచించండి. వేయించిన ఉల్లిగడ్డ, కిస్‌మిస్, ఉడికిన బొక్క... మూడూ ఒకే ప్లేటులో.

చివరిగా డబ్బు సంగతి. కుక్క తిండి పరిశ్రమ మనకి దూరంగా అమెరికాలో ఏమీ లేదు. మార్స్ కంపెనీ సిద్దిపేట దగ్గరున్న తన ఫ్యాక్టరీ విస్తరణకి 500 కోట్లు పెడతామని 2021లో ప్రకటించింది. మంచిదే, ఉద్యోగాలొస్తాయి. మక్కలు, జొన్నలు, కోళ్లు, అన్నీ ఇక్కడివే. కొనేవాళ్లమూ ఇక్కడివాళ్లమే. అలాంటప్పుడు ఏ కంపెనీ అయినా సరే, ఈ తిండికి కొలతలు వేసిందెవరు, పరీక్షించిందెవరు, ఏ బ్యాచ్‌లో ఏముంది అని అడిగే హక్కు మనకుంది. బ్యాంకు వాడు సర్వీస్ ఛార్జీ పది రూపాయలు వేస్తే అర్ధరాత్రి మెయిల్ కొట్టే జాతి మనది. ఇక్కడెందుకు మూగబోతాం?

నేను నా రెండు ప్యాకెట్ల కంపెనీలకీ మెయిల్ రాశాను. మూడే ప్రశ్నలు. ఈ ఆహారం రూపొందించిన పశుపోషణ నిపుణుడు ఎవరు? కాల్షియం, భాస్వరం ఎంతెంత? "నేచురల్" అంటే మీ ఉద్దేశమేమిటి? ఒకరి నుంచి జవాబు లేదు. రెండోవారి నుంచి నిమిషంలో వచ్చింది: మా ఉత్పత్తులు నూటికి నూరు శాతం నేచురల్, మీ ముద్దుల పెంపుడు నేస్తానికి మా ప్రేమ, కింద పది శాతం డిస్కౌంట్ కూపన్.

ఆ జొన్న బిస్కెట్లలో సగం బాపమ్మ దసరా రోజు మా వాడకట్టు కుక్కలకి వేసింది. అవి తోకలూపుకుంటూ తిన్నాయి. మరుసటి రోజు అవే కుక్కలు అంతే సంతోషంగా మురిక్కాల్వ పక్కన పడేసిన విస్తరాకులు కూడా నాకాయి. కుక్క తోక ఊపడం క్వాలిటీ సర్టిఫికేట్ కాదు. అది మనల్ని నమ్మింది, అంతే. లేబుల్ చదవాల్సింది మనమే, దానికి చదువు రాదు కాబట్టి.

కూపన్ వాడలేదు. మెయిల్ మళ్లీ పంపాను. మీ అరలో కూడా ఒక ప్యాకెట్ ఉంటే అవే మూడు ప్రశ్నలు మీరూ పంపండి. జవాబు వచ్చిందాకా నా వైపు నుంచి ఈ టికెట్ ఓపెన్‌లోనే ఉంటుంది.